కుదురు

ఇంటి వంటకూ, ఒళ్లో వాద్యం పెట్టుకునే తీరుకూ తెలుగులో మాట ఒకటే: కుదరడం. పులుసు కుదిరింది అంటారు. శ్రుతి కుదిరింది అంటారు. అటూ ఇటూ మెదిలే పిల్లవాణ్ణి కుదురుగా కూర్చోమంటారు. పులుసు బాగుంది అనడానికీ కుదిరింది అనడానికీ తేడా ఉంది. బాగుండడం పులుసు గుణం. కుదరడం పులుసుకూ తినేవాళ్ల నాలుకకూ మధ్య జరిగే ఒప్పందం. ఉప్పు, పులుపు, కారం, తీపి దేనికది సరిగానే పడి కూడా పులుసు కుదరని రోజులుంటాయి. అలాగే వెన్ను నిటారుగా, భుజాలు సమంగా, పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అలాగే కూర్చున్నా వాద్యం చేతికి కుదరని వాళ్లుంటారు. ఈ సంగతి బాగా తెలిసివచ్చే వాద్యం ఉకులేలే. నాలుగు తీగల చిన్న వాద్యం అది. పొయ్యి మీద పప్పు ఉడికేలోగా మేకు మీంచి తీసి, కాసేపు వాయించి, మళ్లీ తగిలించగలిగేంత తేలిక.

కుదురు అనేది ఒక వస్తువు పేరు కూడా. అడుగు గుండ్రంగా ఉన్న కుండ నేల మీద నిలవదు, దొర్లిపోతుంది. వరిగడ్డిని పేని, చుట్టగా చుట్టి కింద పెడితే నిలుస్తుంది. ఆ చుట్టే కుదురు. నీళ్ల బిందె నెత్తిన పెట్టుకునేవాళ్లు పాత బట్టతో చేసుకునేది చుట్టకుదురు. చెట్టు మొదట్లో నీరు నిలిచే పాదునూ, వరి దుబ్బునూ, వెంట్రుక మొదలునూ కూడా కుదురనే అంటారు. గడ్డి కుదురును దగ్గరగా చూస్తే ఒక విషయం కనిపిస్తుంది. అది కుండను పట్టి బిగించదు. కుండ దానిమీద ఆనుతుంది, బరువుకు గడ్డి కొద్దిగా అణిగి ఆ కుండ ఆకారానికి వస్తుంది. పక్కింటి కుండకు ఆ కుదురు అంత చక్కగా అమరకపోవచ్చు. రుచి విషయంలోనైనా, కూర్చునే తీరు విషయంలోనైనా చెప్పవలసిన ముఖ్యమైన సంగతి ఇదే. హాయి బిగింపు వల్ల రాదు, ఆనిక వల్ల వస్తుంది. ఆ ఆనిక ఎవరిది వాళ్లకే సరిపోతుంది.

ఉకులేలే పుట్టిల్లు హవాయి దీవులు. అయినా దాని పూర్వీకులు అక్కడివి కావు. 1879 ఆగస్టు 23న రావెన్స్‌క్రాగ్ అనే ఓడ నాలుగు నెలల ప్రయాణం చేసి హోనలూలూ రేవు చేరింది. చెరకు తోటల్లో పనికోసం పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి బయలుదేరిన కుటుంబాలు అందులో ఉన్నాయి. మాన్యుయెల్ నూనెస్, ఆగస్టో డియాస్, జోసే దో ఎస్పిరిటో శాంటో అనే ముగ్గురు వడ్రంగులు ఆ ఓడలోనే వచ్చారు. తోటల పని ముగిశాక వాళ్లు తమ పాత విద్యకు తిరిగి వచ్చి, మదీరాలో వాయించే మషేట్, రజావో అనే చిన్న తీగ వాద్యాలను కలిపి, స్థానిక కోవా చెక్కతో కొత్తదాన్ని తయారుచేశారు. కోవా మన పొలాల గట్ల మీద పెరిగే నల్లతుమ్మకు దూరపు చుట్టం. హవాయి రాజు కలాకవా ఈ వాద్యాన్ని ఆదరించి, హులా నృత్యానికి తోడుగా రాజాస్థానంలో చోటిచ్చాడు. ఉకులేలే అంటే ఎగిరే మిన్నల్లి అని జనం చెప్పుకునే అర్థం, తీగల మీద వేళ్లు గంతులు వేస్తున్నట్టు ఉంటాయి కనుక. ఆ దేశపు చివరి రాణి లిలియుఓకలాని మాత్రం దాన్ని ఇక్కడికి వచ్చిన కానుక అని విప్పి చెప్పింది. రాణి చెప్పిన అర్థమే ఎక్కువ నిండుగా ఉంది.

ఓడలో వచ్చింది వాద్యం ఒక్కటే కాదు. ఆ కుటుంబాల వెంట వాళ్ల తీపి రొట్టె, చిక్కుడు గింజల సూపు, మలసాద అనే నూనెలో వేయించిన పిండి వంట కూడా దిగాయి. నేటికీ హవాయి ఇళ్లలో అవి ఉన్నాయి. వాటికన్నా ముందునుంచీ ఆ దీవుల అసలు తిండి పోయి. మనం పులుసు పెట్టుకునే చామదుంపే దానికి మూలం. దుంపను ఆవిరి మీద ఉడికించి, చెక్క పలక మీద రాతి రోకలితో దంచి, నీళ్లు చేర్చి ముద్దగా చేస్తారు. దాని చిక్కదనాన్ని కొలవడానికి వాళ్లకు గిన్నెలూ గరిటెలూ అక్కర్లేదు. ఒక వేలితో తీసుకోగలిగితే ఒక వేలి పోయి, రెండు వేళ్లు కావాలంటే రెండు వేళ్ల పోయి, బాగా పలచనైతే మూడు వేళ్లది. తాజాది కమ్మగా ఉంటుంది. రెండు మూడు రోజులు నిలవ ఉంటే పులుస్తుంది. ఎన్నో రోజు పోయి ఇష్టం అన్నది ఇంటింటికీ వేరు. ఇది చదివిన తెలుగువాళ్లకు చద్దన్నం, తరవాణి గుర్తుకు రాకుండా ఉండవు. పెరుగు ఎంత పులిస్తే మజ్జిగ పులుసుకు సరిపోతుందన్న ప్రశ్నకు కూడా ఒక ఊళ్లో రెండు ఇళ్లు ఒకే జవాబు చెప్పవు.

ఇంటి రుచి అనేది కొలతల్లో దొరకదు కాబట్టే తెలుగు వంటిల్లు కొలతలను శరీరం మీదికి తెచ్చుకుంది. చిటికెడు, గుప్పెడు, చారెడు, దోసెడు అన్నీ చేతి కొలతలే. చింతపండుకు పోలిక కాయలతో వస్తుంది: ఉసిరికాయంత, నిమ్మకాయంత. ఈ కొలతలు తప్పుడువని అనుకోవడం పొరపాటు. అవి చూసే కళ్లకూ వేసే చేతికీ కట్టుబడి ఉన్న కొలతలు. ఒకే చేయి, ఒకే ఇంట్లో, ఒకే ఉప్పుతో వేస్తున్నంత కాలం చిటికెడు చాలా ఖచ్చితమైనదే. ఉప్పు మారితే లెక్క తప్పుతుంది. గళ్లుప్పు రాళ్ల మధ్య ఖాళీలుంటాయి, మెత్తని ఉప్పులో అవి తక్కువ. అందుకే అదే చారెడు మెత్తని ఉప్పు తూకంలో ఎక్కువ తూగుతుంది. గళ్లుప్పుకు అలవాటుపడిన చేయి మెత్తని ఉప్పు డబ్బాలోకి వెళితే మొదటి వారం కూరలన్నీ ఉప్పు కషాయాలవుతాయి. అమెరికాలో కాపురం పెట్టిన తెలుగువాళ్లకు సీసాలో వచ్చే నల్లటి చింతపండు గుజ్జుతో ఇదే చిక్కు. నిమ్మకాయంత అన్న అమ్మ మాట ఆ సీసా దగ్గర పనికిరాదు. చెంచాతో కొత్త లెక్క కట్టుకోవాలి, నాలుగైదు సార్లు చారు చెడాలి, అప్పుడు గానీ కుదరదు.

పండగ రోజు వంటలో ఈ నేర్పు మరింత తేటగా కనిపిస్తుంది. నైవేద్యం పెట్టకముందు ఎంగిలి చేయరు కాబట్టి వండే మనిషి ఉప్పు చూడదు. పులిహోర కలిపినా, పరమాన్నం దించినా నాలుక సాయం లేదు. వాసన, రంగు, పోపులో ఆవాలు చిటపటలాడి ఆగే క్షణం, గరిటె తిప్పుతున్నప్పుడు చేతికి తగిలే బరువు, ఇవే ఆధారాలు. ఏళ్ల తరబడి నాలుక నేర్చుకున్నది చేతిలోకి దిగిపోయి ఉంటుంది. దాన్నే ఆ చేతి రుచి అంటారు. ఇందులో మాయ ఏమీ లేదు. వాద్యకారుడు కళ్లు మూసుకుని మూడో మెట్టు మీద సరిగ్గా వేలు పెట్టడం ఎలాంటిదో, ఇదీ అలాంటిదే.

ఇంటి రుచి మనిషిలోకి ఎప్పుడు చేరుతుందన్న దానికి కొంత శాస్త్రీయమైన జవాబుంది. ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రంలో జూలీ మెనెల్లా, ఆమె సహచరులు చేసి 2001లో ప్రచురించిన పరిశోధనలో కొందరు తల్లులు కడుపుతో ఉన్న చివరి నెలల్లో, మరికొందరు పాలిచ్చే రోజుల్లో క్యారెట్ రసం తాగారు. ఆ పిల్లలకు తర్వాత క్యారెట్ కలిపిన జావ పెట్టినప్పుడు, మామూలు జావకన్నా దానికి తక్కువ మొహం చిట్లించారు; ఆ రసం తాగని తల్లుల పిల్లల్లో ఈ తేడా కనిపించలేదు. అంటే పళ్లు రాకముందే, అసలు పుట్టకముందే, ఆ ఇంటి వంట పిల్లకు పరిచయమై ఉంటుంది. ఉత్తరాంధ్ర ఇంట్లో పెరిగిన మనిషికి పులుసులో బెల్లం ముక్క లేకపోతే వెలితిగా ఉండడం, రాయలసీమ మనిషికి సంగటి పక్కన వేరుశనగ పచ్చడి కనపడితే ప్రాణం లేచిరావడం, పొయ్యి ఎక్కని పచ్చిపులుసును తెలంగాణ ఇల్లు ఎండాకాలమంతా జుర్రుకోవడం, ఇవి పంతాలు కావు. శరీరానికి ముందే తెలిసిన దారులు.

కారం సంగతి వేరుగా చెప్పాలి. మిరపకాయ తెలుగు నేలది కాదు. అమెరికా ఖండాల్లో పుట్టి, పదహారో శతాబ్దంలో పోర్చుగీసు నావికుల చేతుల మీదుగా భారతదేశానికి వచ్చింది. అంతకుముందు ఇక్కడి కారమంతా మిరియాలది, పిప్పళ్లది. హోనలూలూకు ఉకులేలే తాతను మోసినవాళ్లూ, గుంటూరు పొలాలకు మిరప విత్తనం దారి చూపినవాళ్లూ ఒకే జాతి మనుషులు కావడం చరిత్రలో ఒక ముచ్చటైన కూడిక. మనం షడ్రుచుల్లో కారాన్ని లెక్కపెడతాం గానీ, శరీరశాస్త్రం ప్రకారం మిరప కారం రుచి కాదు, స్పర్శ. నాలుక మీద వేడిని, మంటను పసిగట్టే గ్రాహకాన్నే మిరపలోని క్యాప్సైసిన్ తట్టి లేపుతుంది. ఆ గ్రాహకాన్ని 1997లో కనిపెట్టినవాడు డేవిడ్ జూలియస్. 2021లో ఆయనకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బహుమతిని పంచుకున్న రెండో మనిషి ఆర్డెమ్ పటపౌటియన్. ఆయన కనిపెట్టింది ఒత్తిడిని గుర్తించే గ్రాహకాలను. కళ్లు మూసుకున్నా మన చేయి ఎక్కడుందో, మోచేయి ఎంత వంగిందో, నడుము ఎటు వాలిందో మనకు తెలియడానికి వాటిలో ఒకటి ఆధారం. మిరపకాయ మంట, కూర్చున్న తీరు గురించిన ఎరుక, ఒకే ఏడాది ఒకే బహుమతి కింద చేరాయి. ముద్ద నోట్లో పెట్టుకోగానే కారం సరిపోయిందని చెప్పేదీ, వాద్యం ఒళ్లోకి రాగానే చేయి ఇక్కడ ఆగమని చెప్పేదీ శరీరం తనను తాను తాకి చూసుకునే గుణమే.

ఇక కూర్చునే తీరు. తెలుగు వంటింట్లోనే దానికి మంచి పాఠం ఉంది: కత్తిపీట. చాకుతో తరిగేటప్పుడు కాయ కదలదు, కత్తి కదులుతుంది. ఒక చేయి కాయను అదిమిపట్టడానికే సరిపోతుంది. కత్తిపీట దగ్గర కత్తి కదలదు, కాయ కదులుతుంది. ఒక కాలు మడిచి, రెండో మోకాలు పైకెత్తి, పాదంతో పీటను నేలకు అదిమి కూర్చుంటే కత్తి స్తంభంలా నిలుస్తుంది. రెండు చేతులూ పనికి దొరుకుతాయి. దొండకాయ చక్రాలైనా, గోరుచిక్కుడు ముక్కలైనా చకచకా పడిపోవడానికి కారణం చేతి వేగం ఒక్కటే కాదు, పాదం ఇచ్చిన ఆనిక. వాద్యంలోనూ సూత్రం ఇదే. వాద్యం నిలవాలి, చేతులు ఖాళీగా ఉండాలి. వాద్యాన్ని మోసే చేయి స్వరం పలికించలేదు.

కొత్తగా ఉకులేలే పట్టినవాళ్లు చేసే తప్పు కూడా ఇక్కడే ఉంటుంది. అది తేలికైనది కాబట్టి ఎడమ చేత్తో మెడ పట్టుకుంటే చాలనుకుంటారు. బొటనవేలు మెడ చుట్టూ తిరుగుతుంది, అరచేయి కర్రకు అతుక్కుంటుంది, మణికట్టు లోపలికి మడత పడుతుంది. పది నిమిషాలకు చేయి లాగుతుంది. చేతులు లేని కుర్చీలో, అంచుకు కొంచెం దగ్గరగా, రెండు పాదాలూ నేలకు ఆనేట్టు కూర్చోవాలి. మోకాళ్లు ఇంచుమించు తుంటి ఎత్తులో ఉండాలి. వాద్యం కింది వంపు కుడి తొడ మీద ఆనుతుంది, వీపు పొట్టకు పైన ఛాతీకి తగులుతుంది. కుడి ముంజేయి, మోచేతికి దగ్గరి భాగం, వాద్యం పై అంచు మీద మెత్తగా వాలుతుంది. ఈ మూడు ఆనికలతో అది నిలవాలి. మెడ నేలకు సమాంతరంగా కాక కాస్త పైకి లేచి ఉంటే ఎడమ మణికట్టు తిన్నగా ఉంటుంది. పరీక్ష సులువు: ఎడమ చేయి ఒక్క క్షణం తీసేయాలి. మెడ కిందికి వాలిపోతే కుదురు ఇంకా దొరకలేదన్నమాట.

నిలవాలి కదా అని గట్టిగా వాటేసుకోకూడదు. ఉకులేలే వీపు చెక్క కూడా మోగుతుంది. పొట్టకేసి అదిమితే ఆ మోత చచ్చిపోయి, గిన్నె మీద బట్ట కప్పినట్టు వినిపిస్తుంది. కుడిచేయి గిటార్‌లాగా సరిగ్గా రంధ్రం మీదకే పోనక్కర్లేదు. మెడ వచ్చి డొల్లకు అతికే చోట మీటితే శబ్దం తియ్యగా ఉంటుంది. ముంజేయి సహజంగా వాలితే వేలు అక్కడికే చేరుతుంది కూడా. చూపుడు వేలి గోరుతో కిందికి, వేలి మెత్తతో పైకి. కదలిక మణికట్టుది. కూరగాయలు కడిగి చేతికంటిన నీళ్లు విదిలించే తీరే అది, భుజం దాకా పోనక్కర్లేదు.

ఎడమచేతి వేళ్ల ఒత్తిడి దగ్గర ఉప్పు వేసే పద్ధతి అక్కరకొస్తుంది. వేలి కొసను లోహపు మెట్టుకు వెనకనే, దాదాపు తాకేంత దగ్గరగా ఆనించాలి. మొదట తీగను ఊరికే తాకి మీటితే ముక్తసరిగా టప్పుమంటుంది. కొంచెం నొక్కితే బర్రుమంటుంది. ఇంకొంచెం నొక్కితే స్వరం తేటపడుతుంది. అక్కడే ఆగాలి. ఆపైన పెట్టే బలమంతా వేలికి నొప్పి, తీగకు అపశ్రుతి. ఎక్కువ నొక్కితే తీగ లాగినట్టయి స్వరం పైకి పోతుంది. పులుసులో ఉప్పు కూడా ఇలాగే రాళ్లు రాళ్లుగా వేస్తూ చప్పదనం పోయిన చోట ఆపుతారు. వేసిన ఉప్పును తీయలేరు గానీ ఒత్తిడిని తగ్గించవచ్చు, ఆ మేరకు వాద్యం వంటకన్నా దయగలది.

నేర్చుకునేవాళ్లకు ఈ వాద్యం త్వరగా ఆశ కల్పిస్తుంది. తీగల శ్రుతి జీ, సీ, ఈ, ఏ. సీని షడ్జమం అనుకుంటే ప, స, గ, ధ. గడ్డానికి దగ్గరగా ఉండే మొదటి తీగ మంద్రం కాదు, పక్క తీగకన్నా హెచ్చు స్థాయిలో మోగుతుంది. వరస తప్పిన ఈ అమరికే ఉకులేలే కిలకిలకు మూలం. ధ తీగ మూడో మెట్టు మీద ఉంగరపు వేలు ఒక్కటి పెడితే సీ కార్డు. ప తీగ రెండో మెట్టు మీద నడిమి వేలు ఒక్కటి పెడితే ఏ మైనర్. దానికి తోడు గ తీగ మొదటి మెట్టు మీద చూపుడు వేలు చేరిస్తే ఎఫ్. ఈ మూడింటితోనే ఇంట్లో పాడుకునే పాటలు కొన్ని గట్టెక్కుతాయి. చూసి వేలు పెట్టాలని చాలామంది వాద్యం ముఖాన్ని తమవైపు తిప్పుకుంటారు. అప్పుడు మెడ వంగుతుంది, మణికట్టు మరింత మడతపడుతుంది. అందుకే మెడ పక్క అంచున చుక్కలు పెడతారు, సాధారణంగా అయిదు, ఏడు, పది, పన్నెండు మెట్ల దగ్గర. పప్పు గుత్తి తిప్పుతూ పక్క పొయ్యి మీద పాలను ఓ కంట కనిపెట్టినట్టు, ఆ చుక్కలను ఓరచూపుతో చూస్తే చాలు.

పరిమాణం ఎంచుకోవడం కూడా కూర్చునే తీరులో భాగమే. సొప్రానో పొడవు సుమారు 21 అంగుళాలు, కాన్సర్ట్ 23, టెనర్ 26. సొప్రానోకు మెట్ల మధ్య దూరం తక్కువ. లావు వేళ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. టెనర్‌కు మెడ పొడవు, బరువు కూడా కొంచెం ఎక్కువ, భుజానికి పట్టీ తగిలించుకుంటే నిలబడి వాయించేటప్పుడు చేతులకు విడుదల. పట్టీ వేసుకోవడం చేతకానితనమని కొందరంటారు. ఆ మాట పట్టించుకోనక్కర్లేదు. పట్టీ అంటే మెడలో వేసుకున్న కుదురు. ఇజ్రాయెల్ కమకవివోఓలే (1959–1997) హవాయికి చెందిన భారీకాయుడు. ఒక్క ఉకులేలే తోడుగా ఆయన పాడిన ఇంద్రధనుస్సు పాట 1993లో వచ్చిన సంకలనంలో చేరి ప్రపంచమంతా తిరిగింది. ఆయన విశాలమైన ఛాతీ మీద వాద్యం బొమ్మలా ఉండేది. ఏ పాఠ్యపుస్తకపు బొమ్మా ఆ శరీరాన్ని ఊహించి గీసినది కాదు. అయినా ఆ చేతుల్లో అది ఎంతో నెమ్మదిగా కూర్చుంది.

నేల మీద కూర్చునే అలవాటున్న తెలుగు ఇళ్లకు మరో ప్రశ్న వస్తుంది. బాసింపట్టు వేసుకుని కూర్చుంటే తొడలు కిందికి పోతాయి, వాటితోపాటు వాద్యమూ ఒళ్లోకి జారుతుంది, దానికోసం వెన్ను విల్లులా వంగుతుంది. దీనికి జవాబు కర్ణాటక సంగీతంలో రెండు వందల ఏళ్ల క్రితమే దొరికింది. పడమటి దేశాల్లో నిలబడి, గడ్డం కింద అదిమి వాయించే వయొలిన్‌ను బాలుస్వామి దీక్షితర్ (1786–1859) మన సంగీతానికి తెచ్చారు. ఇక్కడి విద్వాంసులు నేల మీద కూర్చుని, ఒక కొసను ఛాతీకీ, రెండో కొసను కుడి పాదపు చీలమండకూ ఆనించారు. ఆ ఆనికతో ఎడమచేతికి మోత తప్పింది. తప్పింది కాబట్టే తీగ మీద ఆ చేయి గమకాలకు తీరికగా జారగలిగింది. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) వాయించినదీ ఆ కూర్చోవడంలోనే. పరాయి వాద్యం మన కూర్చోవడానికి లొంగింది గానీ, మన శరీరం దానికోసం విరగలేదు. ఉకులేలే విషయంలో కూడా నాలుగు వేళ్ల ఎత్తు పీట కింద వేసుకుంటే తుంటి లేచి నడుము నిలుస్తుంది. లేదా కత్తిపీట ముందు కూర్చున్నట్టే కుడి మోకాలు పైకెత్తితే తొడకూ ఛాతీకీ మధ్య వాద్యానికి చక్కటి గూడు ఏర్పడుతుంది. కూరలు తరిగి ముగించిన మనిషికి ఆ భంగిమ కొత్తగా నేర్పే పని కూడా లేదు.

హాయి గురించి ఒక హెచ్చరిక అవసరం. అలవాటైనదంతా హాయి కాదు. ఏళ్ల తరబడి సోఫాలో కూరుకుపోయి కూర్చున్న నడుముకు నిటారుగా కూర్చోవడమే మొదట కష్టంగా ఉంటుంది. ఉప్పు దిట్టంగా తిన్న నాలుకకు సరైన ఉప్పు చప్పగా తోస్తుంది. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఊరగాయ, అప్పడం, వడియం కలిసిన తెలుగు భోజనం ఆ గీతను తేలిగ్గా దాటుతుంది. అయితే ఉప్పు తగ్గించి తిన్నవాళ్ల నాలుక రెండు మూడు నెలల్లో మారి, పాత ఉప్పే ఎక్కువగా తోచడం పరిశోధనల్లో తేలిన విషయం. నడుము కూడా అంతే, కొన్ని వారాలు ఓపిక పడితే కొత్త కుదురును తనదిగా చేసుకుంటుంది. కాబట్టి మొదటి రోజు ఇబ్బందిని చూసి పద్ధతి తప్పని తేల్చకూడదు, మొదటి రోజు సుఖాన్ని చూసి సరైనదనీ తేల్చకూడదు. నొప్పి మాత్రం వేరు. కండ అలసిపోవడం నేర్చుకోవడంలో భాగం. వేళ్లు తిమ్మిరెక్కడం, మణికట్టులో పోటు రావడం భాగం కాదు. మణికట్టు మడతపడినప్పుడు వేళ్లకు వెళ్లే నరం ఇరుకున పడుతుంది. తిమ్మిరి వస్తే వాయించడం ఆపి చేయి దించాలి, తగ్గకపోతే వైద్యుడికి చూపించాలి. రోజుకు పావుగంట చొప్పున రెండు సార్లు వాయించడం, ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు వాయించడం కన్నా చేతికి మేలు.

వంటా వాద్యమూ ఒకే చేతుల మీద నడిచే ఇంట్లో చిన్న జాగ్రత్తలు కొన్ని ఉంటాయి. పోపు పెట్టిన చేతి నూనె తీగలకు అంటితే వాటి మోత మందగిస్తుంది, కడుక్కుని తుడుచుకునే పట్టాలి. ఎడమచేతి గోళ్లు పొట్టిగా ఉండాలి, పిండి కలిపే చేతికీ అదే మంచిది. వాద్యాన్ని పొయ్యి గోడకు తగిలించకూడదు. వేడికీ ఆవిరికీ పలచని చెక్క ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది, ఒక్కోసారి పగులుతుంది.

కొత్త తీగలు వేసిన ఉకులేలే వెంటనే శ్రుతిలో నిలవదు. నైలాన్ సాగే గుణం కలది. బిరడాలు తిప్పి సరిచేసిన గంటకే స్వరం దిగిపోతుంది. వాద్యం చెడిందని కంగారుపడి తిరిగి ఇచ్చేసేవాళ్లున్నారు. నాలుగైదు రోజులు పూటపూటకూ సరిచేస్తూ వాయిస్తే సాగవలసినంత సాగి తీగలు కుదురుకుంటాయి. కొత్తావకాయ కూడా కలిపిన రోజున ఆవకాయ కాదు. ముక్క వేరుగా, పిండి వేరుగా, నూనె వేరుగా ఉంటాయి. మూడో రోజుకు ముక్కలోంచి ఊట దిగి పిండి మెత్తబడుతుంది. అప్పుడు జాడీ వాసెన విప్పి, తడి తగలని గరిటెతో అడుగు దాకా తిరగకలిపి, వేడన్నంలో ఒక ముక్క వేసుకుని ఉప్పు చూస్తారు. చాలకపోతే ఆ రోజే కలపాలి.